బరంపురంలో మా ఇంటి రౌటర్‌ని సర్వర్ నుంచి వేరు చేసిన అనుభవం

ఇంట్లో సర్వర్ పెట్టుకున్నవాళ్లలో చాలామంది రౌటర్‌ని కూడా అందులోనే ఒక వర్చువల్ మెషీన్‌గా, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్‌గా, నడుపుతుంటారు. నేనూ కొన్నేళ్లు అలాగే నడిపాను, బాగానే నడిచింది. ఈమధ్య రెండింటినీ విడదీసి, హార్డ్‌వేర్ మార్చి, ఒకే మెషీన్ మీద అలాంటివి చాలా నడిపించే ప్రాక్స్‌మాక్స్‌ని 8వ వెర్షన్ నుంచి 9కి తెచ్చాను. ఈ పని మొత్తంలో ఒక్క ప్రశ్నే పట్టుకుని నడిచాను: నేను ఊళ్లో లేనప్పుడు కరెంటు పోయి వస్తే, మా నాన్న ఒక్కరే ఇంటి నెట్‌ని తిరిగి నిలబెట్టగలరా? ఏం కొనాలి, దేన్ని ఎక్కడ పెట్టాలి, దేన్ని వదిలేయాలి అన్నవన్నీ ఆ ప్రశ్నతోనే తేల్చుకున్నాను.

మాది ఒడిశాలోని బరంపురం, గంజాం జిల్లా. గోపాల్‌పూర్ సముద్రం దగ్గరే. అక్టోబరు వస్తోందంటే తుపాను వార్తల మీదే అందరి కళ్లూ ఉంటాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. 2018లో తిత్లీ పలాస దగ్గర దాటినా గంజాం, గజపతి జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. అంత పెద్దవి ఎప్పుడో గానీ రావు. కానీ వానాకాలంలో ఉరుములతో గాలి లేస్తే చాలు, కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. ఇంటి సర్వర్‌కి ఈ పోయి రావడమే అసలు పరీక్ష. పూర్తిగా పోతే ఏ గొడవా లేదు.

పాత ఏర్పాటు గురించి చెబుతాను. 4వ తరం ఐ5 ఉన్న డెస్క్‌టాప్, 16 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ, ఫొటోలకి 4 టీబీ హార్డ్ డిస్కు. మదర్‌బోర్డు మీది పోర్టు ఇంటి వైపు, అదనంగా పెట్టిన నెట్‌వర్క్ కార్డు బయటి లైను వైపు. దాని మీద ప్రాక్స్‌మాక్స్ 8, అందులో రౌటర్ పని చేసే ఓపీఎన్‌సెన్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న వర్చువల్ మెషీన్. ఫైబర్ మోడెం బ్రిడ్జ్ మోడ్‌లో ఉంటుంది, అంటే లైనుని అటూ ఇటూ పంపడమే దాని పని, కాబట్టి ఆపరేటర్‌కి యూజర్ పేరు, పాస్‌వర్డ్ చెప్పే పీపీపీఓఈ లాగిన్ చేసేది కూడా ఆ ఓపీఎన్‌సెన్సే. వైఫైకి విడిగా యాక్సెస్ పాయింట్ ఉంది. వీటితోపాటు ఇంట్లోవాళ్ల ఫొటోలకి ఇమిచ్, వీడియోలకి జెల్లీఫిన్, ప్రకటనలు ఆపడానికి యాడ్‌గార్డ్, చివరగా నాన్న పుస్తకాల పట్టిక. ఇవన్నీ ఆ ఒక్క డబ్బాలోనే.

ఇన్వర్టర్ కూడా దిగిపోయాక కరెంటు వచ్చిందనుకోండి. డెస్క్‌టాప్ లేవాలి, ప్రాక్స్‌మాక్స్ లేవాలి, డిస్కుల తనిఖీ అవ్వాలి, ఓపీఎన్‌సెన్స్ లేవాలి, లైను కలవాలి, ఆ తర్వాత డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ల పేర్లని అడ్రసులుగా మార్చేది, మా ఇంట్లో ఆ పని యాడ్‌గార్డ్‌ది) ఉన్న కంటైనర్ (వర్చువల్ మెషీన్ లాంటిదే, ఇంకా తేలికైనది) లేవాలి. ఇందులో ఏ ఒక్కటి ఆగినా ఇంట్లోవాళ్లకి కనిపించేది ఒకటే, నెట్ లేదు. ఎక్కడ ఆగిందో తెలియాలంటే మానిటర్ తగిలించాలి, లేదా ప్రాక్స్‌మాక్స్ వెబ్ పేజీ తెరవాలి. నేను బయటి ఊళ్లో ఉంటే ఆ పేజీకి వెళ్లే దారి కూడా ఆ డబ్బా లోపలే ఉంది. నాన్న ఫోన్ చేసి, "ఒరేయ్, పెట్టె మీద లైటు వెలుగుతూనే ఉంది, ఫోన్లో మాత్రం గుండ్రంగా తిరుగుతోంది" అంటారు. పక్కనుంచి అమ్మ, "అక్క కాల్ చేసే టైమయిందిరా" అంటుంది. అక్క హైదరాబాద్‌లో ఉంటుంది, రాత్రిపూట అమ్మకి మనవరాలితో వీడియో కాల్ ఉండాల్సిందే. నాది ఇంటి నుంచి చేసే ఉద్యోగం, అయినా పని మీద విశాఖపట్నం, హైదరాబాద్ వెళ్తూనే ఉంటాను. అలాంటప్పుడు ఈ ఫోన్ వస్తే నిజంగా టెన్షన్.

వర్చువల్ రౌటర్‌ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. ఒక మెషీన్ ఖర్చు మిగులుతుంది. అప్‌డేట్‌కి ముందు స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో ఉన్న స్థితి కాపీ, తీసుకుని, తేడా వస్తే వెనక్కి వెళ్లిపోవచ్చు. తెలిసిన మనిషి ఎప్పుడూ ఇంట్లో ఉండే చోట అది మంచి పద్ధతే. మా ఇంట్లో ఆ మనిషి సగం రోజులు ఉండడు. అందుకే విడదీయాలనుకున్నాను.

ముందు రౌటర్. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్, నాలుగు 2.5 గిగాబిట్ పోర్టులు ఉన్న ఫ్యాన్ లేని మినీ పీసీ ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఎన్100 అంటే 2023లో వచ్చిన 4 కోర్ల చిప్, టీడీపీ (చిప్ వేడికి తయారీదారు చెప్పే అంచనా) 6 వాట్లు. మా లైను వేగానికి ఇది చాలినంత కంటే ఎక్కువే. 8 జీబీ ర్యామ్ వేసి, మొదటి రాత్రంతా మెమ్‌టెస్ట్86ప్లస్ నడవనిచ్చాను. కొత్త ర్యామ్‌ని నమ్మే ముందు ఈ పరీక్ష పెట్టాల్సిందే అని నా అభిప్రాయం. తర్వాత ఎప్పుడో రౌటర్ కారణం లేకుండా ఆగిపోతే సాఫ్ట్‌వేర్ మీద అనుమానపడుతూ వారాలు గడిచిపోతాయి.

ఓపీఎన్‌సెన్స్‌ని ఈసారి నేరుగా ఆ డబ్బా మీదే వేశాను. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కు మీద ఫైళ్లు దాచే పద్ధతిగా (ఫైల్ సిస్టమ్) యూఎఫ్‌ఎస్ కావాలా, జెడ్‌ఎఫ్‌ఎస్ కావాలా అని అడుగుతుంది. కరెంటు ఉన్నట్టుండి పోయే ఊళ్లో రెండో ఆలోచన అక్కర్లేదు, జెడ్‌ఎఫ్‌ఎస్. అది పాత డేటా మీద రాయదు, కొత్త చోట రాసి అంతా అయ్యాకే అటు మారుతుంది, కాబట్టి రాస్తుండగా కరెంటు పోయినా ఫైల్ సిస్టమ్ చెడిపోయే అవకాశం బాగా తక్కువ. ఇంకో లాభం కూడా ఉంది. 24.7 వెర్షన్ నుంచి ఓపీఎన్‌సెన్స్ వెబ్ పేజీలోనే స్నాప్‌షాట్లు తీసుకునే వీలు వచ్చింది. వర్చువల్ మెషీన్‌లో నాకు బాగా నచ్చిన సౌకర్యం అదే, ఇప్పుడు నేరుగా హార్డ్‌వేర్ మీద కూడా దొరుకుతోంది.

పాత సెట్టింగులన్నీ ఒకే ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా దిగుతాయి. అందులో నెట్‌వర్క్ పోర్టుల పేర్లు వర్చువల్ మెషీన్‌లో ఉన్నట్టు వీటీనెట్0, వీటీనెట్1 అని ఉంటాయి. కొత్త డబ్బాలో అవే ఐజీసీ0, ఐజీసీ1. ఫైలుని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి ఆ పేర్లు మార్చి, అప్పుడు కొత్తదాంట్లోకి ఎక్కించాను. ఫైర్‌వాల్ నియమాలు, పీపీపీఓఈ వివరాలు అన్నీ అలాగే వచ్చేశాయి.

ఇంట్లోని ప్రతి పరికరానికీ నెట్‌వర్క్ అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీని మాత్రం కొత్తగా పెట్టుకున్నాను. పాత ఓపీఎన్‌సెన్స్‌లో ఐఎస్‌సీ అనే సంస్థ వాళ్ల డీహెచ్‌సీపీ ఉండేది, దాని నిర్వహణని వాళ్లు 2022 చివర్లో ఆపేశారు. ఎలాగూ మార్చుతున్నప్పుడు దాన్ని మోసుకురావడం దేనికని అదే పని చేసే డీఎన్‌ఎస్‌మాస్క్‌కి మారాను. ప్రింటరు, టీవీ, యాక్సెస్ పాయింట్ వంటివాటికి స్థిరంగా ఇచ్చిన అడ్రసులు చేత్తో మళ్లీ నింపాను. యాడ్‌గార్డ్‌ని సర్వర్‌లోంచి తీసేసి, ప్రకటనలు ఆపే పనిని రౌటర్‌లోనే ఉండే డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్ అన్‌బౌండ్‌కి అప్పగించాను. చూడటానికి చిన్న మార్పు. కానీ ఇప్పుడు సర్వర్ మొత్తం పడిపోయినా ఇంట్లో నెట్‌కి ఏమీ కాదు. డీఎన్‌ఎస్ సర్వర్‌లోనే ఉండిపోతే రౌటర్‌ని వేరు చేసి లాభం లేదు.

డబ్బా మార్చగానే లైను కలవదని ముందే తెలుసు. ఇక్కడి లోకల్ ఆపరేటర్లు చాలామంది ఒక్కో కనెక్షన్‌ని ఒక మ్యాక్ అడ్రస్‌కి (ప్రతి నెట్‌వర్క్ పోర్టుకీ ఉండే సొంత గుర్తుకి) కట్టేస్తారు. దీనికి రెండు దారులు: ఆఫీసుకి ఫోన్ చేసి కొత్త అడ్రస్ రాయించడం, లేదా పాత కార్డు అడ్రస్‌ని కొత్త రౌటర్ వాన్ (బయటి లైను) పోర్టులో టైపు చేయడం. రెండోది అప్పటికప్పుడు అయిపోతుంది. నేను మొదటిదే చేశాను. రేపు ఇంకేదైనా మారిస్తే పాత కార్డు అడ్రస్ ఎక్కడ రాసుకున్నానో వెతుక్కునే పని ఉండకూడదు. మా వీధి లైను చూసే కుర్రాడు ఒడియాలో నాలుగు ముక్కలు, తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడి అటువైపు మార్పించాడు. మా లైనుకి వచ్చేది 100.64తో మొదలయ్యే అడ్రస్, అంటే చాలా ఇళ్లకి ఒకే బయటి అడ్రస్‌ని పంచే ఆపరేటర్ నాట్ వెనకాల ఉన్నట్టు. బయటినుంచి నేరుగా ఇంటికి రాలేం. అందుకని అలాంటి లైనులోకి కూడా బయటినుంచి దారి ఇచ్చే టెయిల్‌స్కేల్‌ని రౌటర్‌లో ఒకటి, సర్వర్‌లో ఒకటి పెట్టాను. సర్వర్ పడిపోయినా రౌటర్ ద్వారా ఇంట్లోకి రావచ్చు, రౌటర్‌లో టెయిల్‌స్కేల్ ఒక్కటే ఆగితే సర్వర్ ద్వారా రావచ్చు.

ఇక నాన్న పని. డబ్బా మీద పోర్టుల దగ్గర అచ్చువేసిన అంకెలు, లోపల ఓపీఎన్‌సెన్స్ చూపించే వరుస ఒకటే అవుతాయన్న నమ్మకం లేదు. ఒక్కో పోర్టులో కేబుల్ పెట్టి, తెర మీద ఏది లేచిందో చూసి ఖాయం చేసుకున్నాను. తర్వాత నాన్న కూర్చుని తెల్ల టేపు ముక్కల మీద స్కెచ్ పెన్నుతో తెలుగులో రాశారు: "బయటి లైను", "ఇల్లు", "సర్వర్". నాలుగో దాని మీద "ఖాళీ, ముట్టొద్దు". కేబుళ్లకి రెండు చివర్లా అవే మాటలు అంటించాం. గోడ మీద ఒక కాగితం ఉంది. మొదట మోడెం మీద ఎర్ర లైటు ఉందో లేదో చూడాలి, ఎర్ర లైటు ఉంటే తప్పు లైనుది, మనం చేసేది ఏమీ లేదు, ఆపరేటర్‌కి ఫోన్ చేయాలి. ఎర్ర లైటు లేకపోతే రౌటర్ స్విచ్చి ఆపి, వంద లెక్కపెట్టి, మళ్లీ వేయాలి. అంతే. ఆ కాగితంలో సర్వర్ అన్న మాటే లేకుండా రాయగలగడం నాకు చాలా సంతోషం కలిగించింది.

కరెంటు సంగతి కూడా ఈ కాగితం కిందికే వస్తుంది. మెషీన్ మొదలవగానే ముందుగా నడిచే బయోస్‌లో కరెంటు వచ్చాక తనంతట తనే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టాను. ఇది చాలా మెషీన్లలో మొదట ఆఫ్‌లో ఉంటుంది. లోపలి సీఆర్2032 బ్యాటరీ అయిపోతే కొన్ని బోర్డుల్లో ఈ సెట్టింగ్ కూడా పోతుంది, అందుకే పాత పీసీ కొంటే ముందు ఆ చిన్న బ్యాటరీ మార్చేయడం మేలు. ఫైబర్ మోడెం, యాక్సెస్ పాయింట్ రెండూ 12 వోల్టులవి, వాటిని చిన్న డీసీ యూపీఎస్ మీద పెట్టాను. కొత్త రౌటర్ కూడా 12 వోల్టులదే గానీ దాని అడాప్టర్ 5 ఆంపియర్లది, బయటికి దొరికే చిన్న యూపీఎస్‌లు చాలావరకు అంత ఇవ్వవు. దాన్ని ఇన్వర్టర్ లైనులోంచి విడిగా లాగించిన ప్లగ్గుకి తగిలించాం. ఇన్వర్టర్ వెనకాల ఉండే మీటని యూపీఎస్ మోడ్‌కి మార్చమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పాను. మామూలు మోడ్‌లో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోగా ఫ్యాన్లకి, లైట్లకి తేడా తెలియదు కానీ కంప్యూటర్లు ఆగిపోయే అవకాశం ఉంది. యూపీఎస్ మోడ్‌లో ఆ ఖాళీ బాగా తగ్గుతుంది. ఫ్యాన్ లేని డబ్బా కాబట్టి ఎండాకాలంలో పైకప్పు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. అందుకే గోడకి ఆనించకుండా, నిలువుగా, రెండు వైపులా గాలి ఆడేలా పెట్టాను.

రౌటర్ మార్చాక సర్వర్‌ని కొన్నాళ్లు ముట్టుకోలేదు. పాత ఓపీఎన్‌సెన్స్ వర్చువల్ మెషీన్‌ని ఆపి ఉంచానే గానీ తీసేయలేదు. రెండూ ఒకే ఆదివారం మార్చేస్తే, సోమవారం ఏదైనా తేడా కొట్టినప్పుడు తప్పు ఎటువైపుదో తేల్చుకోవడమే ఒక పని అవుతుంది.

సర్వర్‌కి కొత్త మెషీన్ కొనలేదు. ఆఫీసుల్లో వాడి అమ్మేసే చిన్న పీసీలుంటాయి, లావు పుస్తకమంత సైజువి. అలాంటిది ఒకటి తీసుకున్నాను, ప్రాసెసర్ ఐ5 8500టీ. 6 కోర్లు, టీడీపీ 35 వాట్లు. ల్యాప్‌టాప్ సైజు ర్యామ్ 32 జీబీ, అక్క సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తీసుకుని ఇటు వచ్చేటప్పుడు తెచ్చింది. వర్చువల్ మెషీన్లకి వేగమైన ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, ఫొటోలకి సాటా ఎస్‌ఎస్‌డీ. 3.5 అంగుళాల హార్డ్ డిస్కు ఇందులో పట్టదు, అది పాత డెస్క్‌టాప్‌లోనే ఉండిపోయింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ప్రాక్స్‌మాక్స్ 9 వచ్చింది 2025 ఆగస్టులో, డెబియన్ 13 అనే లినక్స్ మీద. 8కి సపోర్టు 2026 ఆగస్టు దాకా అని వాళ్లే ప్రకటించారు. మెషీన్ మారుతోంది కాబట్టి 8ని అక్కడికి మోసుకెళ్లి మళ్లీ పెంచడం కంటే, కొత్తదాని మీద 9 వేసి బ్యాకప్‌ల నుంచి దించుకోవడం శుభ్రమైన దారి అనిపించింది. ముందు అన్నిటికీ బ్యాకప్ తీసి, ఒక కాపీ యూఎస్‌బీ డిస్కులో పెదనాన్నగారింటికి పంపాను. బ్యాకప్ ఫైలు ఉంటే చాలదు, అది తిరిగి లేస్తుందో లేదో చూడాలి. పాత మెషీన్‌లోనే ఒక్కోదాన్నీ వేరే నంబరుతో దించి, నెట్‌వర్క్ తగిలించకుండా లేపి చూశాను.

ప్రాక్స్‌మాక్స్‌తో పీవీఈ8టు9 అనే తనిఖీ స్క్రిప్టు వస్తుంది. నేను అక్కడికక్కడే అప్‌గ్రేడ్ చేయడం లేదు, అయినా పాత మెషీన్ మీద దాన్ని నడిపాను. అది ఏమీ మార్చదు, ఏది అడ్డం వస్తుందో చెబుతుంది, అంతే. మా దాంట్లో గట్టిగా పట్టుకున్నది ఒకటే. ఉబుంటు 16.04 అనే లినక్స్ ఉన్న ఒక పాత కంటైనర్. ప్రాక్స్‌మాక్స్ 9లో, కంటైనర్లకి ప్రాసెసర్, ర్యామ్ పంచే సీగ్రూప్ పాత పద్ధతిని పూర్తిగా తీసేశారు. లినక్స్‌లో మిగతావాటిని మొదలుపెట్టే సిస్టమ్‌డీ వెర్షన్ 230, అంతకంటే పాతది ఉన్న కంటైనర్లు ఇక లేవవు. ఉబుంటు 16.04లో ఉన్నది 229. సెంటోస్ 7 కంటైనర్లు ఉన్నవాళ్లకీ ఇదే ఇబ్బంది.

ఆ కంటైనర్‌లో ఉన్నది నాన్న పుస్తకాల పట్టిక. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మా ముత్తాత నాటి తెలుగు పుస్తకాలు, తాతయ్యవి, టీచరుగా చేసి రిటైరైన నాన్నవి, అన్నీ ఇంట్లోనే ఉన్నాయి. వీధిలో తెలుగు చదివేవాళ్లు ఇప్పటికీ వచ్చి పట్టుకెళ్తారు. ఏ పుస్తకం ఏ అలమరలో ఉంది, ఎవరి దగ్గర ఉంది అన్నది నాన్న పీహెచ్‌పీ భాషలో రాసిన ఒక చిన్న వెబ్ పేజీలో రాసుకుంటారు. మధ్యమధ్యలో ఒడియా పుస్తకాలూ ఉంటాయి. ఇమిచ్, జెల్లీఫిన్ పోయినా మళ్లీ పెట్టుకోవచ్చు. ఈ పట్టికని నాన్న తప్ప ఇంకెవరూ మళ్లీ తయారు చేయలేరు. అందుకే నా సమయంలో ఎక్కువ భాగం దీనికే ఇచ్చాను.

కంటైనర్‌ని వర్చువల్ మెషీన్‌గా మార్చి అలాగే నడపవచ్చు. ఎప్పుడో సపోర్టు ఆగిన ఉబుంటుని ఇంకా లాగడం ఇష్టం లేక, డెబియన్ 13తో కొత్త కంటైనర్ పెట్టి పట్టికని అందులోకి తెచ్చాను. పేజీ తెరవగానే తెలుగు అంతా పాడైపోయి కనిపించింది. ఒక్కో తెలుగు అక్షరం ఉండాల్సిన చోట టోపీ పెట్టిన లాటిన్ అక్షరం ఒకటి, దాని పక్కన డిగ్రీ గుర్తు లాంటిది, ఆ పక్కన ఇంకేదో.

కారణం ఇది. ఈ డేటాబేస్ ఉబుంటు 16.04 కంటే కూడా పాతకాలంది. డేటాని దాచే సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్. 8.0 వచ్చిన 2018 దాకా దాని డీఫాల్ట్ అక్షర పద్ధతి లాటిన్1, అంటే ఒక్కో అక్షరానికి ఒక్క బైటే. పట్టిక మీద లాటిన్1 అని రాసి ఉంటుంది, లోపల ఉన్న బైట్లు మాత్రం అన్ని భాషలకీ పనికొచ్చే యూటీఎఫ్8. పాత పేజీ కూడా లాటిన్1 అని చెప్పే లోపలికి వెళ్లేది కాబట్టి పెట్టినవి పెట్టినట్టే బయటికి వచ్చేవి, తెలుగు చక్కగా కనిపించేది. కొత్త డెబియన్‌లో మైఎస్‌క్యూఎల్ స్థానంలో ఉండే మరియాడీబీ, పీహెచ్‌పీ యూటీఎఫ్8లో మాట్లాడుకుంటాయి. లాటిన్1 అన్న మాటని నమ్మి, ప్రతి బైటునీ ఒక లాటిన్ అక్షరం అనుకుని మార్చేస్తాయి. ఒక తెలుగు అక్షరానికి 3 బైట్లు, కాబట్టి ఒక్కోదానికి మూడేసి పిచ్చి అక్షరాలు. ఒడియాదీ అదే లెక్క.

దీనికి మందు ఉంది. పాత డేటాబేస్‌ని డంప్ చేసేటప్పుడు, అంటే మొత్తం ఒక ఫైలుగా దించేటప్పుడు, అక్షర పద్ధతి లాటిన్1 అనే చెప్పాలి, అప్పుడు అది ఏ మార్పూ చేయకుండా బైట్లని ఉన్నవి ఉన్నట్టు ఇస్తుంది. ఆ ఫైలుని తెరిస్తే తెలుగు శుభ్రంగా కనిపిస్తుంది. అందులో లాటిన్1 అని ఉన్న ప్రతిచోటా యూటీఎఫ్8ఎంబీ4 (పూర్తి యూటీఎఫ్8కి అక్కడి పేరు) అని మార్చి, కొత్తదాంట్లోకి యూటీఎఫ్8ఎంబీ4 అని చెప్పి ఎక్కించాలి. పాత తెలుగు వెబ్‌సైట్లు, పట్టికలు ఇలా చిక్కుకుపోయినవి చాలా ఉంటాయి, వాటిని పోయినట్టే అనుకుని వదిలేయకండి.

అయినా కొన్ని పేర్లు సగంలో తెగి, చివర ప్రశ్నార్థకంతో కనిపించాయి. అవి ఇప్పుడు తెగినవి కావు. పేరు పట్టే గడి పొడవు 100. లాటిన్1లో 100 అంటే 100 బైట్లే. తెలుగులో గుణింతం గుర్తుకి 3 బైట్లు, వత్తుకి ఇంకా ఎక్కువ, "క్ష" ఒక్కటే 9 బైట్లు. కాబట్టి కాస్త పొడుగు పేరు, పక్కన రచయిత పేరు కూడా రాస్తే ముప్పై మూడో గుర్తు దగ్గర తెగిపోయేది. పాత మైఎస్‌క్యూఎల్ అభ్యంతరం చెప్పకుండా అంతవరకే దాచుకునేది. ఆ చివర అరకొర బైటు మిగిలిన వరుసలన్నీ ఒక జాబితాగా తీసి నాన్నకి ప్రింటు ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని అలమరల దగ్గరికి వెళ్లి, అట్టల మీద చూసి, పెన్సిల్‌తో పూర్తి పేర్లు రాసిచ్చారు. "ఇందులో రెండు బయట ఉన్నాయిరా, వచ్చాక చెబుతా" అన్నారు. ఆ రెండూ కూడా వచ్చాయి. ఇప్పుడు ఆ గడి పొడవు 255, అవి అక్షరాలే, బైట్లు కావు.

దాని ముందు మిగతా ఇన్‌స్టాలేషన్ సులువే. ప్రాక్స్‌మాక్స్ 9 వేశాక, డబ్బు కట్టి సబ్‌స్క్రిప్షన్ తీసుకోనివాళ్లు అప్‌డేట్లు వచ్చే ఎంటర్‌ప్రైజ్ రిపాజిటరీని ఆపి, నో సబ్‌స్క్రిప్షన్ రిపాజిటరీ పెట్టుకోవాలి, వెబ్ పేజీలోనే అయిపోతుంది. ఫొటోల డిస్కుకి జెడ్‌ఎఫ్‌ఎస్ ఇచ్చాను. ఒక్క డిస్కే కాబట్టి చెడిన ఫొటోని అది బాగుచేయలేదు, చెడిందని మాత్రం కచ్చితంగా చెబుతుంది. అప్పుడు బ్యాకప్ నుంచి తెచ్చుకోవచ్చు. తెలియకుండా చెడిపోయి, ఆ చెడినదే బ్యాకప్‌లోకి కూడా వెళ్లిపోవడం కంటే ఇది ఎంతో నయం. జెడ్‌ఎఫ్‌ఎస్ ర్యామ్ అంతా తినేస్తుందన్న భయం కూడా ఇప్పుడు తక్కువ. ఇన్‌స్టాలర్‌లోనే జెడ్‌ఎఫ్‌ఎస్ ఎంచుకుంటే కాష్‌కి మొత్తం ర్యామ్‌లో పదో వంతే హద్దు పెడుతోంది. నేను డిస్కుని తర్వాత చేర్చాను కాబట్టి ఆ హద్దు చేత్తో పెట్టుకున్నాను.

ఫొటోలన్నీ పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి కాపీ అవుతుండగా నెట్‌వర్క్ ఉన్నట్టుండి ఆగిపోయింది. మెషీన్ నడుస్తూనే ఉంది, మానిటర్ పెట్టి చూస్తే లాగ్‌లో నెట్‌వర్క్ పోర్టుని నడిపే ఈ1000ఈ డ్రైవర్ పేరుతో హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్ అన్న వాక్యం వరసగా పడుతోంది. ఈ డ్రైవర్ వాడే పోర్టుల మీద ఎక్కువ బరువు పడినప్పుడు ఇది చాలామందికి ఎదురైనదే. పంపే డేటాని ముక్కలు చేసే పనిని కార్డుకి అప్పగించకుండా ప్రాసెసర్‌కే వదిలేస్తే సర్దుకుంటుంది. ఈథ్‌టూల్ అనే ఆజ్ఞతో ఆ పనికి సంబంధించిన టీఎస్‌ఓ, జీఎస్‌ఓ సెట్టింగులు రెండూ ఆఫ్ చేసి, ఆ ఆజ్ఞని నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసుల ఫైలులో పోర్టు లేచాక నడిచే వరుసగా చేర్చాను. తర్వాత కాపీ చివరిదాకా ఆగలేదు. రౌటర్ ఇందులోనే ఉండి ఉంటే ఆ కాసేపూ ఇల్లంతా నెట్ లేకుండా ఉండేది. అప్పుడు అమ్మ హాల్లో వీడియో కాల్‌లోనే ఉంది, తనకి ఏమీ తెలియలేదు.

జెల్లీఫిన్ గురించి కూడా చెప్పాలి. మా ఊళ్లో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారు గుడి నుంచి దేశీబెహరా వీధిలోని తాత్కాలిక మందిరానికి వస్తుంది, ఊరు ఊరంతా రోడ్ల మీదే ఉంటుంది. ఇంట్లో ప్రతి ఫోనులోనూ గంటల కొద్దీ 4కే వీడియోలు. అవి హెచ్‌ఈవీసీ అనే వీడియో కుదింపు పద్ధతిలో ఉంటాయి, మా పాత టీవీకి అది అర్థం కాదు. 4వ తరం ప్రాసెసర్‌లో దాన్ని విప్పే హార్డ్‌వేర్ లేదు, అందుకే సన్నివేశం ముక్కలు ముక్కలుగా ఆగేది. 8వ తరంలో ఆ హార్డ్‌వేర్ ఉంది. గ్రాఫిక్స్ భాగాన్ని కంటైనర్‌కి ఇవ్వడానికి ఒకప్పుడు ఫైల్లో వరుసలు రాయాల్సి వచ్చేది, ఇప్పుడు వెబ్ పేజీలో డివైస్ పాస్‌త్రూ అని ఎంచుకుని, రెండర్ గ్రూపు నంబరు ఇస్తే చాలు. అమ్మ యాత్ర వీడియోలు మొదటినుంచి చివరిదాకా టీవీలో చూసింది.

పాత డెస్క్‌టాప్‌ని ఊరికే పడేయలేదు. దాని మీద ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ వేశాను. 4 టీబీ డిస్కు అందులోనే ఉంది. సర్వర్ రాత్రి దాన్ని నెట్‌వర్క్ ద్వారా నిద్ర లేపుతుంది, బ్యాకప్ అయ్యాక అది తనే ఆగిపోతుంది. ప్లగ్ మీటర్ పెట్టి చూస్తే పాత డెస్క్‌టాప్ ఊరికే ఉన్నప్పుడు 50 వాట్ల దాకా లాగేది. ఇప్పుడు రౌటర్, సర్వర్ రెండూ కలిపి 25 చుట్టుపక్కల ఉంటున్నాయి. 25 వాట్లు తగ్గితే నెలకి 18 యూనిట్లు. బిల్లు కంటే నాకు ముఖ్యం ఏమిటంటే, ఇన్వర్టర్ బ్యాటరీ అంతే మేరకు ఎక్కువసేపు నిలబడుతోంది.

అంతా అయ్యాక నాన్నని మెయిన్ స్విచ్చి ఆపమన్నాను, నేను వీధి అరుగు మీద కూర్చున్నాను. ఇన్వర్టర్ కూడా ఆపేసి, మళ్లీ రెండూ వేశారు. రౌటర్, మోడెం లేచి లైను కలిసేసరికి సర్వర్ ఇంకా డిస్కులు చూసుకుంటోంది. తర్వాత నేను విశాఖపట్నంలో ఉండగా ఇక్కడ పెద్ద గాలివాన వచ్చింది. ఆ రాత్రి టెయిల్‌స్కేల్‌లో రౌటర్ ఆఫ్‌లైన్ అని చూపించింది, ఫోన్ తీసేలోపే మళ్లీ ఆన్‌లైన్ అయింది. నాన్నకి ఫోన్ చేస్తే, మోడెం మీద ఎర్ర లైటు లేదు కాబట్టి కాగితంలో ఉన్నట్టే చేశానన్నారు. సర్వర్ మాత్రం లేవలేదు. ఆ మెషీన్‌లో కరెంటు వచ్చాక ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంది, కానీ వోల్టేజీ కాసేపు ఊగిసలాడినప్పుడు అది లేవకుండా ఉండిపోయింది. రౌటర్ నడుస్తోంది కాబట్టి నేను అక్కడినుంచే రౌటర్‌లోని వేక్ ఆన్ ల్యాన్ (నెట్‌వర్క్ ద్వారా నిద్ర లేపే సౌకర్యం) నుంచి దాన్ని లేపాను.

ఇంకా చేయాల్సినవి ఉన్నాయి. సర్వర్‌కి సొంత యూపీఎస్ పెట్టి, బ్యాటరీ తగ్గగానే తనే మర్యాదగా ఆగిపోయేలా నట్ సాఫ్ట్‌వేర్ కలపాలి. రౌటర్‌లో ఆ నాలుగో పోర్టుని టీవీ, కెమెరా లాంటివాటికి విడి నెట్‌వర్క్‌గా ఇవ్వాలనుకుంటున్నాను. పెదనాన్నగారింట్లోని డిస్కు కాపీని వచ్చే నెల తెచ్చి, అది తిరిగి లేస్తుందో లేదో చూడాలి. నాన్న ఈలోగా ఒడియా పుస్తకాల పేర్లు పూర్తిగా ఎక్కిస్తానంటున్నారు, వాటికి వేరే గడి చేర్చి ఇచ్చాను.